నిమ్మకాయల బ్రేకరు

ఒడిశా బరంపురంలో హల్దియాపదర్ వైపు నేను ఇల్లు కట్టుకున్న రోజుల్లో మా ఇంటి ముందున్న రోడ్డును ఎవరూ పెద్దగా లెక్కచేసేవారు కాదు. మా వాకిలి అయిపోయి అవతలి వాళ్ల వాకిలి మొదలయ్యేలోపు ఉన్న కాస్త తారు, దానికి రెండు పక్కలా ఎర్రమట్టి, అంతే. గంజాం వైపు నుంచి ఒక లారీ వస్తోందంటే దాని చప్పుడు ముందే వినబడేది. మేం మాట్లాడుకుంటూనే పక్కకు జరిగి, అది పోయాక మళ్లీ రోడ్డు మీదికే వచ్చి మాట పూర్తిచేసేవాళ్లం.

నేను తెలుగు పంతులమ్మను. దిగపహండి అవతల పల్లెలో పుట్టి, బరంపురంలో తెలుగు పిల్లలకు గుణింతాలు నేర్పి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు, అదొక్కటే హాయి. కోపం నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే ఉంటుంది. బడిలో పిల్లలు హడలిపోయేవారు, తోటి టీచర్లు తప్పుకు తిరిగేవారు. దాని ఫలం రిటైరయ్యాక చేతికొచ్చింది. పండక్కి ఫోను చేసేవాళ్లున్నారు గాని గుమ్మం తొక్కేవాళ్లు లేరు.

ఒక్క మనిషి తప్ప. ఆమెను నేను అప్ప అనేదాన్ని. మా వైపు అక్కను అలాగే అంటాం. రక్తసంబంధం ఏమీ లేదు. గంజాం దగ్గర సముద్రపొడ్డు పల్లెలో పుట్టి, చేపల గంప నెత్తిన పెట్టుకుని మా వీధులన్నీ తిరిగిన మనిషి. మొదటిసారి మా గుమ్మంలో గంప దించినప్పుడు నేను చేప మొప్ప ఎత్తి చూసి, ఇది నిన్నటిది అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, “నీ ముకం కన్నా తాజాగానే ఉందిలే పంతులమ్మా” అంది. బతుకులో నన్నంత మాట అని నిలబడ్డ మనిషి లేదు. ఆ రోజు చేప కొన్నాను, ఆ తర్వాత ఇంకెవరి దగ్గరా కొనలేదు.

మోకాళ్లు అరిగి గంప మోయలేకపోయాక ఆమె కొడుకు మా ఎదురుగా, రోడ్డుకు అవతల, రెండు గదుల ఇల్లు కట్టాడు. కట్టి, పెళ్లాన్ని, చిన్న కూతురినీ, తల్లినీ అందులో పెట్టి తను సూరత్ వెళ్లిపోయాడు. అక్కడ మగ్గాల మిల్లులో పని. ఏడాదికోసారి వచ్చేవాడు. మా వీధిలో సగం ఇళ్లకు మగవాళ్లు ఇలాగే సూరత్‌లో ఉంటారు, అందులో వింతేమీ లేదు.

సాయంత్రం టీ తాగి నేను రోడ్డు దాటేదాన్ని. అప్ప అరుగు మీద కూర్చునేవాళ్లం. ఆమె ఎండు చేపల తలలు గిల్లేది, నేను పేపరు చదివి వినిపించేదాన్ని. చదివిన ప్రతి వార్తకూ ఆమె ఒక తిట్టు జత చేసేది. ఆ మంత్రి పుట్టినప్పుడే ఉప్పేసి ఎండబెట్టి ఉంటే పోయేది అనేది. రోజు మొత్తంలో నా గొంతు నాకు వినిపించేది ఆ గంటలోనే. తక్కిన వేళంతా ఇంట్లో నేనూ, గోడ మీద బల్లీ. దానికి పేపరు చదివి వినిపించినా ఏమీ అనదు.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. ఎర్రమట్టి పోయింది, మా గోడలో కొంత పోయింది, పెరట్లో నిమ్మచెట్టు మాత్రం మిగిలింది. మధ్యలో నడుమెత్తు సిమెంటు డివైడరు కట్టి, మా వీధి దగ్గర మాత్రం మనుషులు దాటడానికని చిన్న సందు వదిలారు. వదిలారు గాని, అక్కడ మనుషులు దాటుతారని బళ్లకు ఎవరూ చెప్పలేదు. బాగు చేసిన రోడ్డు కదా, దాని మీద నెమ్మదిగా పోతే అవమానం అన్నట్టు పోయేవారు. బుల్లెట్ల మీద కుర్రాళ్లు, ఇటుకల ట్రాక్టర్లు, గోపాల్‌పూర్ బీచి చూడబోయే కార్లు, అన్నిటికీ ఒకటే తొందర.

రోడ్డు అంచున నిలబడి ఎదురుచూడడం ఎంత చిన్నతనమో నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. బండిలో ఉన్నవాడి కంటికి మనం కిలోమీటరు రాయితో సమానం. చెయ్యెత్తితే లారీ ఆగదు. ఆటో ఆగుతుంది. “ఎక్కుతావా మావుసీ?” అంటాడు. ఎక్కను, దాటాలి అంటే, దాటడానికి చెయ్యెందుకెత్తావని తిట్టి పోతాడు. వాడు ఆగినందుకు వెనక బళ్లు హారన్లు మోగిస్తాయి. ఇంతా అయ్యాక కూడా నేను ఇవతలే ఉంటాను. అంత పెద్ద బడిని ఒక్క కేకతో నిలబెట్టిన మనిషిని, ఒక ఆటోవాడి చేత తిట్లు తింటూ నిలబడేదాన్ని. కళ్లలో నీళ్లు తిరిగేవి, కోపంతోనే అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

మొదట్లో అప్ప కూడా ఇటు వచ్చేది. ఒక రోజు ఆ సందు దగ్గర ఒక మోటార్‌సైకిలు హ్యాండిలు ఆమె మోచేతికి తగిలింది. పడింది. మణికట్టు వాచింది. బండివాడు వెనక్కి తిరిగి చూసి, లేచి కూర్చుందని తెలుసుకుని వెళ్లిపోయాడు. ఆ మర్నాటి నుంచి కోడలు ఆమెను రోడ్డు దాటనివ్వలేదు. కోడలి తప్పు కాదు. ఇక వెళ్లాల్సింది నేను. నేను కూడా మానేస్తే ఆ సాయంత్రం గంట కాస్తా పోతుంది. దాని బదులు నాకు దొరికేది ఇంకేమీ లేదు. అందుకే ప్రాణం అరచేతిలో పెట్టుకుని రోజూ దాటాను.

స్పీడ్ బ్రేకరు వెయ్యమని అడగడానికి ఆఫీసుకు కూడా వెళ్లాను. అక్కడి ఇంజినీరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. ఇంత పెద్ద రోడ్డు మీద బ్రేకరు వేస్తే వేగంగా వచ్చే బళ్లు ఎగిరి పడతాయి, ఇంకా ప్రమాదం అన్నాడు. మరి మేమెలా దాటాలి అంటే, ముందుకు నడిస్తే సర్కిల్ ఉంది, అక్కడ పోలీసు ఉంటాడు, అక్కడ దాటి వెనక్కి రండి అన్నాడు. ఎదురింటికి పోవడానికి ఊరంతా చుట్టి రావాలా, మీ అమ్మగారిని అలా నడిపిస్తారా అన్నాను. ఆయన మొహం ముడుచుకుంది. నా నోటికి ఆగడం తెలీదు, దానికీ ఒక బ్రేకరు ఉంటే బాగుండేది.

ఒక అమావాస్య నాడు అప్ప అరుగు మీద ఇద్దరం కూర్చుని ఉండగా, పక్కన కొత్తగా సెల్‌ఫోన్ల షాపు తెరిచినవాళ్లు రోడ్డు మీద దిష్టి గుమ్మడికాయ పగలగొట్టారు. లోపల కుంకం నీళ్లు పోసిన కాయ, రోడ్డంతా ఎర్రగా చిందింది. పక్కన కోసిన నిమ్మకాయలు. మేం ఊరికే చూస్తున్నాం. దూసుకొచ్చే మోటార్‌సైకిలు దాన్ని చూసి గబుక్కున తగ్గింది. పక్కనుంచి జాగ్రత్తగా, కాళ్లు నేలకానించుకుంటూ పోయింది. వెనకొచ్చిన కారూ అంతే. ఆ వెనకొచ్చిన ఇసక లారీ కూడా పెద్ద నిట్టూర్పు విడిచి మెల్లగా పాకింది. కొత్త బండికి పూజ చేసినప్పుడు తన నిమ్మకాయ తన చక్రం కింద నలిపించుకునే డ్రైవరు, ఊళ్లోవాళ్ల దిష్టి నిమ్మకాయను మాత్రం తొక్కడు. ఆ పీడ తనకంటుకుంటుందని భయం.

అప్ప చేతిలో చేప ఆగిపోయింది.

“సూసినావా పంతులమ్మా! ఆ ఇంజినీరు బాబు సెయ్యలేనిది గుమ్మిడికాయ సేసింది.”

“అయితే రోజూ గుమ్మడికాయ పగలగొడదామా?” అన్నాను.

“గుమ్మిడికాయేటి, నిమ్మకాయ సాలదేటి? నీ పెరట్లో సెట్టుకి రాలిపోతన్నాయి కాదా. నువ్వు అట్టుకొచ్చీ, నాను కోసి కుంకం ఎట్టి ఇస్తాను.”

నేను ఎగతాళి చేశాను. పిల్లలకు దెయ్యాలు లేవని పాఠం చెప్పినదాన్ని, దిష్టి నిమ్మకాయలు పరుస్తూ తిరగనా అన్నాను. ఆమె నన్ను కిందామీదా చూసి, “మరి రేపు ఏటి సేత్తావు? మళ్లీ ఆటోవోడి సేత తిట్లు తింతావేటి?” అంది. మర్నాడు జేబురుమాలులో నిమ్మకాయలు కట్టుకుని వెళ్లాను.

మధ్యాహ్నం ఎండ మీద రోడ్డు కాస్త ఖాళీ పడుతుంది. కోడలూ, మనవరాలూ నిద్రపోయే వేళ. అప్ప కత్తిపీట ముందేసుకుని నిమ్మకాయలు చెక్కలు కోసి, కుంకం అద్ది, పసుపు బియ్యం కలిపి ఆకులో పెట్టి నా చేతికిచ్చేది. నేను సందుకు అటూ ఇటూ, రోడ్డుకు అడ్డంగా వరసగా పెట్టి వచ్చేదాన్ని. తిరిగొచ్చేసరికి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉండేది. ఆ వయసులో ఇద్దరం దొంగ పిల్లల్లా నవ్వుకున్నాం. నాకు చిన్నతనంలో కూడా అలాంటి స్నేహం దొరకలేదు.

పనిచేసింది. సాయంత్రానికి బళ్లు మా సందు దగ్గరకొచ్చేసరికి తగ్గేవి. నేను చెయ్యెత్తకుండా, పరిగెత్తకుండా, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ నడిచి దాటేదాన్ని. మా అవస్థ చూసి దేవుడే పంపిన తెలివి అనుకున్నాం. ఎప్పుడైనా ఒక చక్రం పొరపాటున నిమ్మచెక్క తొక్కితే ఆ డ్రైవరు దణ్ణం పెట్టుకోవడం కూడా చూశాం. ఆ రోజులు బాగున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది గాని, బాగున్నాయి.

మాకు తట్టనిది ఒక్కటే. నిమ్మకాయలకు భయపడేవాళ్లు బళ్ల మీద మాత్రమే ఉంటారా?

మొదట కూరల బండివాడు మా మూల వదిలి అవతలికి పోయాడు. ఎండ పడుతోందన్నాడు, సరే అనుకున్నాను. పొద్దున్నే నా దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకోవడానికి నలుగురైదుగురు ఆడపిల్లలు వచ్చేవారు. వాళ్లూ రావడం మానేశారు. ఒకరికి జ్వరం, ఇంకొకరికి పరీక్ష. తల్లులు నన్ను చూసి ఇంకో వైపు చూడడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చూద్దును కదా, మా సందు దగ్గర మనుషులు దాటడమే మానేశారు. రోజూ ఎవరో అంత దిష్టి తీసి పారేస్తున్న చోట ఏదో ఉందని, ఎవరో చచ్చి తిరుగుతున్నారని వీధిలో పుకారు. బడి పిల్లలు బ్యాగులు అవతలికి విసిరి, ముందుకెళ్లి డివైడరు ఎక్కి దూకేవారు. బళ్లు తగ్గే చోట కాళ్లు పెట్టేవాడు లేడు, బళ్లు తగ్గని చోట పిల్లలు దూకుతున్నారు. అది చూసినప్పుడైనా నేను ఆపాల్సింది. ఆపేలోపే జరగాల్సింది జరిగింది.

అప్ప మనవరాలికి జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమే, వానలప్పుడు అందరి పిల్లలకూ వచ్చేదే. రెండు రోజులు తగ్గలేదు. మూడో రోజు నేను రోడ్డు దాటి వెళ్లేసరికి కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి ఉంది, నిద్ర లేదని తెలుస్తోంది.

“టీచరమ్మా, అరుగు ఎక్కకు. అక్కడే ఉండి సెప్పు. ఆ నిమ్మకాయలు మీ పెరట్లోవి కాదేటి?”

“అవును” అన్నాను. అబద్ధం నాకు తొందరగా రాదు.

“మా గుమ్మానికి ఎదురుగా ఏల ఏత్తన్నావు? నా మొగుడు సూరత్‌లో ఉన్నాడు. ఈ గుంట తప్ప నాకేటుంది? దీని మీద ఏటి సేసినావు, సెప్పు!”

బళ్లు నెమ్మదిగా పోవడానికి అన్నాను. చెబుతుంటేనే తెలిసింది, ఆ మాట ఎంత తప్పుడు మాటలా వినబడుతోందో. బళ్లు ఆపడానికి ఎవరైనా నిమ్మకాయలు కుంకం పూసి పెడతారా? నలుగురు ఆడవాళ్లు చేరారు. ఒకావిడ ఒడియాలో, చేతబడి చేసేదాన్ని అనే మాట ఒకటి అంది. ఆ మాట ఇక్కడ రాయను. మొగుడూ పిల్లలూ లేని ముసలిదానికి ఆ మాట ఒకసారి అంటుకుంటే మా జిల్లా పల్లెల్లో ఏం జరుగుతుందో పేపర్లో చదివి అప్పకు వినిపించింది నేనే.

తలుపు పక్కన, లోపల, అప్ప కూర్చుని ఉంది. ఒళ్లో చేట, చేటలో ఎండు చేపలు. నేను ఆమె వంక చూశాను. ఒక్క మాట చాలు. నానే సెప్పినాను, నానే కోసి ఇచ్చినాను అంటే చాలు. కోడలు ఆమెను రెండు తిట్లు తిడుతుంది, అంతటితో పోతుంది. సొంత నాయనమ్మ పిల్లకు చెడుపు చేసిందని ఎవరూ అనరు. ఆమె తలెత్తలేదు. చేప తలలు గిల్లుతూనే ఉంది. నా నోటి దాకా వచ్చింది, మీ అత్తనే అడుగు అని. ఎవరి దగ్గరా ఏదీ దాచని నా నోరు ఆ ఒక్కసారి ఆగింది. నేను తిరిగి వెళ్లేది నా ఇంటికి. ఆమె తినాల్సింది, పడుకోవాల్సింది ఆ ఇంట్లో, ఆ కోడలి చేతి కింద. “ఇంక పెట్టనమ్మా, పిల్లను డాక్టరుకు చూపించు” అని చెప్పి తిరిగి వచ్చేశాను.

పిల్లకు తగ్గింది. నేను మళ్లీ అటు వెళ్లలేదు. వెళ్తే గొడవ నా మీదికే కాదు, ఆమె మీదికీ వస్తుంది. అలా నాకు నేను సర్దిచెప్పుకుంటాను గాని, నిజం చెప్పాలంటే ఆమె మీద నాకు కోపం. ఇప్పటికీ ఉంది. ఆటోవాళ్ల మీద, ఇంజినీరు మీద వచ్చిన కోపం సాయంత్రానికి దిగిపోయేది, ఇది దిగదు. బెంగ కూడా అంతే ఉంది. రెండూ ఒకే చోట ఉంటున్నాయి, ఒకదాన్ని ఒకటి గెంటడం లేదు. టీ తాగాక పేపరు తీసి పైకి చదవబోయి, ఎవరికోసం అనుకుని మడిచేస్తాను.

వేసవిలో ఒక రోజు డివైడరు దూకిన బడి కుర్రాడిని కారు గుద్దింది. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. ఇక మా ఊళ్లో అలవాటైన రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా వెదుళ్లు కట్టారు, టైర్లు తగలబెట్టారు, బస్సులు అటూ ఇటూ నిలిచిపోయాయి. ఆఫీసర్లు జీపుల్లో పరిగెత్తుకొచ్చారు. నాకు కుర్చీ వేయించిన ఇంజినీరు చెమటలు తుడుచుకుంటూ, వేయిస్తాం వేయిస్తాం అని దణ్ణాలు పెట్టాడు. వేయించాడు కూడా. వారం తిరక్కుండా మా సందుకు ముందూ వెనకా బ్రేకర్లు లేచాయి. ఎత్తుగా కాదు, బళ్లు ఎగరకుండా వెడల్పుగా, పసుపు తెలుపు పట్టీలతో. మధ్యలో నడిచేవాళ్ల కోసం తెల్ల గీతలు గీశారు. నడిచే మనిషి బొమ్మ బోర్డు, దాని పైన టపటప వెలిగే పసుపు దీపం. పెద్ద రోడ్డు మీద కుదరదన్నది కుదిరింది.

వీధికి భయం కూడా పోయింది. ప్రభుత్వం రంగు వేసిన చోట దెయ్యాలుండవు కాబోలు. బడి పిల్లలు గుంపులుగా దాటుతున్నారు. కూరల బండివాడు తిరిగొచ్చాడు. కోడలు కూడా పిల్ల చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దాటడం మా కిటికీలోంచి చూశాను. అక్షరాలు దిద్దే ఆడపిల్లలు మాత్రం రాలేదు.

ఒక సాయంత్రం టీ తాగి నేనూ రోడ్డు దాకా వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే ఏం చెప్పను, కాళ్లకు ఆ వేళ తెలుసు. తెల్ల గీతల మొదట్లో నిలబడ్డాను. అవతల అరుగు మీద అప్ప కూర్చుని ఉంది, ఒళ్లో చేటతో. నేను వెళ్లడం మానేసేనాటికే ఆమె కళ్లకు పొర కమ్ముతోంది. అంత దూరం నుంచి నేనెవరో ఆమెకు తెలియదని నాకు తెలుసు. ఒక చీర నిలబడి ఉన్నట్టు కనిపిస్తానేమో, అంతే. పిలవచ్చు. నా గొంతుకు ఆ దూరం ఒక లెక్కా? పిలిస్తే తలెత్తుతుంది, తలెత్తితే లోపలినుంచి కోడలు వస్తుంది. ఆ తర్వాత అప్ప మళ్లీ తల దించుకుంటుంది. అది రెండోసారి చూడడం నా వల్ల కాదు.

అలా నిలబడి ఉండగా ఒక లారీ బ్రేకరు ఎక్కి, దిగి, గీతల ముందు పూర్తిగా ఆగిపోయింది. శ్రీకాకుళం వైపు కుర్రాడిలా ఉన్నాడు డ్రైవరు. కిటికీలోంచి తల బయటపెట్టి, దాటమని చేత్తో సైగ చేశాడు. నేను కదల్లేదు. వెనక బళ్లు హారన్లు మొదలుపెట్టాయి. వాడు వాటిని పట్టించుకోలేదు.

“దాటు పిన్నీ, నీకోసరమే ఆపినాను. భయం నేదు, నాను సూత్తన్నాను కాదా” అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ రోడ్డు మీద నన్ను దాటనివ్వడానికి ఒక బండి ఆగడం అదే మొదటిసారి. గీతలు అప్ప అరుగు దాకా తెల్లగా ఉన్నాయి.

“నువ్వు ఎల్లు బాబూ” అన్నాను, చిన్నప్పటి యాసలో. “అటు నాకెవరూ నేరు.”